గోవిందరావు గారి తాళ్లు

సురభి వాళ్ల 'మాయాబజార్' చూసొచ్చిన వాళ్లని అడిగి చూడండి. ముందు పద్యాల గురించి చెప్పరు. బాణాలు గాల్లో ఢీకొన్నాయని, నారదుడు మబ్బుల్లోంచి దిగాడని చెబుతారు. ఇదంతా మోటార్లు, సెన్సార్లు లేని రోజుల్లోనే తాళ్లు, కప్పీలు, తెర పక్కన నిలబడ్డ మనుషులతో మొదలైన పని. దీనికి మూలపురుషుడు వనారస గోవిందరావు.

ఆయనది తోలుబొమ్మలాట కుటుంబం. మరాఠా ప్రాంతం నుంచి దక్షిణానికి వచ్చి రాయలసీమలో స్థిరపడ్డ వాళ్లు. బొమ్మలాటలో ఒక చేత్తో భీముడు, ఇంకో చేత్తో కీచకుడు ఆడాలి, నోటితో పద్యం పాడాలి, కాలితో తాళం వెయ్యాలి. అంటే సింక్రనైజేషన్ అనే మాట మనం సిలబస్‌లో చూడకముందే వాళ్ల ఒంట్లో ఉంది.

1885లో కడప జిల్లా సురభి గ్రామంలో ఒక పెళ్లి. బొమ్మలు పక్కన పెట్టి మనుషులే వేషాలు కట్టి 'కీచకవధ' ఆడారు. అది విరాటపర్వం కథ. మా బెళుగుప్ప లాంటి కరువు పల్లెల్లో విరాటపర్వం ఆడితే వాన పడుతుందని పాత నమ్మకం. ఆ కథనే ఎంచుకోవడానికి కారణం అదేనా అంటే, అది నా ఊహ మాత్రమే. నాటకం నచ్చింది, ఊరి పేరే కంపెనీ పేరయింది.

గోవిందరావు చేసిన అసలు సాహసం వేరే ఉంది. ఆడవేషాలు మగవాళ్లే కట్టే కాలంలో సొంత ఇంటి ఆడవాళ్లని స్టేజీ ఎక్కించాడు. అప్పట్లో లోకం నోరు ఊరుకునేదా? అయినా వెనక్కి తగ్గలేదు. కూతుళ్లు, అల్లుళ్లు, మనవలు పెరిగేకొద్దీ కంపెనీ కొమ్మలు కొమ్మలుగా చీలింది. నటులు వాళ్లే, రంగులు వేసేది వాళ్లే, తాడు లాగేది కూడా వాళ్లే.

ఇక్కడ మన బ్రాంచి వాళ్లు కాస్త ఆగాలి. ఒక బారుని రెండు మోటార్లతో ఎత్తుతున్నాం అనుకోండి. ఒకటి కొంచెం ముందుకెళ్లినా బారు వాలిపోతుంది, బరువు రెండు తాళ్ల మీద సమానంగా ఉండకపోవచ్చు. అందుకే ప్రతి డ్రమ్ముకీ ఎన్‌కోడర్ పెడతాం. కంట్రోలర్ రెండు స్థానాలనీ పోల్చి ముందున్న దాన్ని నెమ్మది చేస్తుంది, తేడా హద్దు దాటితే అన్నిటినీ ఆపేస్తుంది. మనిషి వేలాడుతుంటే రెండు వేర్వేరు బ్రేకులు ఉండాల్సిందే. ఆపరేటర్ బటన్ మీద నుంచి వేలు తీస్తే కదలిక ఆగిపోవాలి.

సురభిలో ఎన్‌కోడర్ పని హార్మోనియం చేసేది. ఫలానా పద్యం ఫలానా చోటికి రాగానే తాడు కదలాలి. నటుడు సాగదీస్తే తాడు కూడా ఆగాలి. ఏ కంట్రోలర్‌కీ అంత సులువుగా నేర్పలేని విద్య ఇది. పైగా వేలాడేది కూతురైతే, తాడు కొస పట్టుకున్నది అన్నో, మామో, బావో. చెయ్యి జారితే పోయేది ఇంటి మనిషే. నా మటుకు నాకు ఈరోజైతే మోటారూ, రెండు బ్రేకులూ ఉండాలనే అనిపిస్తుంది. కానీ బటన్ మాత్రం పద్యం తెలిసినవాడి చేతిలో ఉండాలి.

తర్వాత సినిమా వచ్చింది. 1932లో విడుదలైన తొలి పూర్తి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద'లో లీలావతి వేషం సురభి కమలాబాయిది. జనాన్ని లాక్కెళ్లింది సినిమానే, దానికి నటుల్ని ఇచ్చింది సురభి. ఆ కొమ్మల్లో ఒకటైన శ్రీ వెంకటేశ్వర నాట్యమండలి 1937లో మొదలైంది. హైదరాబాద్ శేరిలింగంపల్లిలో సురభి కాలనీ ఉంది, గోవిందరావు వారసులు అక్కడి నుంచే ఊళ్లకి నాటకం సామాను ఎత్తుకుని బయల్దేరుతుంటారు.