వృథా పొగను పనిలో పెట్టిన బ్రౌనింగ్

ఖరగ్‌పూర్: ఆవిరి ఇంజన్లకు మరమ్మతులు చేసిన చరిత్ర ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపుది. అక్కడ తరతరాలుగా పనిచేసిన తెలుగు కార్మికులకు పిస్టన్ అంటే ఏమిటో ఎవరూ చెప్పనక్కరలేదు. ఈ పట్టణం పొరుగునే ఉన్న సలువాలో ఈస్టర్న్ ఫ్రంటియర్ రైఫిల్స్ కేంద్రం ఉంది. దేశంలోని సాయుధ పోలీసు బలగాలు దశాబ్దాల పాటు భుజాన మోసిన ఎస్‌ఎల్‌ఆర్ తుపాకీలోనూ ఉన్నది పిస్టనే. ఆవిరికి బదులు దానిని తోసేది మందుగుండు వాయువు. ఆ వాయువుతో పని చేయించవచ్చని తొలినాళ్లలోనే గ్రహించి, ఆచరణలో చూపినవారిలో అగ్రగణ్యుడు అమెరికన్ ఆయుధ రూపశిల్పి జాన్ మోజెస్ బ్రౌనింగ్.

ఆయన 1855 జనవరి 23న యూటా ప్రాంతంలోని ఆగ్డెన్‌లో జన్మించాడు. తండ్రి జొనాథన్ తుపాకుల మేస్త్రీ. 22 మంది సంతానం గల ఆ ఇంట్లో పిల్లవాడికి బడి కంటే కొలిమి దగ్గరైంది. పాత ఇనుప ముక్కలతో బాల్యంలోనే తుపాకీ కట్టాడు. 1879లో తొలి పేటెంటు లభించింది. 1883లో ఆ తుపాకీ హక్కులను వించెస్టర్ సంస్థ కొనుగోలు చేసింది. అది మొదలు ఆయన పేరిట నమోదైన పేటెంట్లు 128.

ఆయన జీవితానికి మలుపు 1889లో వచ్చింది. ఆగ్డెన్ సమీపంలో గురి చూసి కాల్చే అభ్యాసం జరుగుతుండగా, తుపాకీ మూతి ముందున్న గడ్డి పేలిన ప్రతిసారీ ఒరిగిపోవడం ఆయన కంటపడింది. అంతటి బలం గాలిలో కలిసిపోతున్నదన్న తలంపు ఆయనను వర్క్‌షాపుకు నడిపించింది. వెనుదన్నుతో పనిచేసే మెషిన్‌గన్‌ను హైరమ్ మాక్సిమ్ అంతకు ముందే తయారుచేశాడు. బ్రౌనింగ్ ఎంచుకున్నది వాయువును. ఆ దారిలోనే 1895 నాటి కోల్ట్ మెషిన్‌గన్ వచ్చింది.

ఎస్‌ఎల్‌ఆర్‌లో జరిగేది స్థూలంగా ఇదే. తూటా గొట్టంలో ముందుకు సాగుతుండగా కొంత వాయువు చిన్న రంధ్రం గుండా పైకి వెళ్లి పిస్టన్‌ను వెనక్కి తన్నుతుంది. బోల్టు తాళం విడుతుంది, ఖాళీ గుల్ల బయటపడుతుంది, సుత్తి వంగి నిలుస్తుంది. స్ప్రింగు బోల్టును తిరిగి ముందుకు నెట్టగా మ్యాగజైన్ నుంచి మరో తూటా ఛాంబర్‌లో చేరుతుంది. ఇదంతా ముగియడానికి సెకనులో పదో వంతు కూడా పట్టదు. అయినా వేలు ట్రిగ్గర్‌ను వదిలి మళ్లీ నొక్కితే తప్ప రెండో తూటా పేలదు. కనుక ఎంత వేగంగా కాల్చినా వెనకబడేది యంత్రం కాదు, మనిషే. ప్రతి పేలుడుకూ మూతి పైకి లేస్తుంది. గురి మళ్లీ కుదుర్చుకోవాలి. 20 తూటాల మ్యాగజైన్ గురి లేకుండా క్షణాల్లో ఖాళీ అవుతుంది. గొట్టం వేడెక్కుతుంది. వాయు మార్గంలో మసి పేరుకొని పిస్టన్ తాకిడి మందగిస్తే గుల్ల పూర్తిగా బయటపడక ఇరుక్కుంటుంది. అప్పుడు వాయు నియంత్రికను తిప్పి పిస్టన్‌కు మరికొంత వాయువు అందించాలి.

వించెస్టర్‌తో బ్రౌనింగ్ బంధం 1902లో తెగింది. స్వయంచాలక షాట్‌గన్‌కు ఆయన కోరిన రాయల్టీని ఆ సంస్థ నిరాకరించింది. రెమింగ్టన్ అధిపతిని కలవడానికి వెళ్లిన రోజే ఆ అధిపతి గుండెపోటుతో మరణించాడు. నమూనాను వెంటబెట్టుకొని బ్రౌనింగ్ ఓడెక్కి బెల్జియం చేరాడు. లీజ్ నగరం చెంతనున్న హెర్స్టాల్‌లోని ఎఫ్ఎన్ సంస్థ ఆయనకు రెండో ఇల్లయింది. కొన్నేళ్లకు రెమింగ్టన్ సైతం ఆయన రూపొందించిన సెమీ ఆటోమేటిక్ రైఫిల్‌ను మార్కెట్లోకి తెచ్చింది. అందులో వాయువుకు పని లేదు, గొట్టమే బోల్టుతో కలిసి వెనక్కి జరుగుతుంది. ఒకే సూత్రానికి కట్టుబడి ఉండే స్వభావం ఆయనది కాదు.

1914 జూన్ 28న సరయేవోలో ఆస్ట్రియా యువరాజు ఫ్రాంజ్ ఫెర్డినాండ్‌ను బలిగొన్నది ఆయన రూపొందించిన ఎఫ్ఎన్ పిస్తోలే. అనంతరం చెలరేగిన మహాయుద్ధంలో అమెరికా సేనకు అందిన బీఏఆర్ రైఫిల్ కూడా ఆయనదే. యుద్ధకాలంలో ప్రభుత్వం నుంచి 7,50,000 డాలర్లు తీసుకొని, అంతకంటే ఎంతో ఎక్కువగా రావలసిన రాయల్టీని వదులుకున్నాడు. దానిని దేశభక్తి అని కీర్తించినవారు, ఆ తుపాకులకు ఎదురు నిలిచినవారి లెక్క అడగలేదు.

1926 నవంబరు 26న హెర్స్టాల్ కర్మాగారంలో, కుమారుడు వాల్ కార్యాలయంలో ఆయన గుండె ఆగి మరణించాడు. అప్పటికి అసంపూర్తిగా ఉన్న పిస్తోలును ఎఫ్ఎన్ రూపశిల్పి డియుడోనె సైవ్ పూర్తిచేశాడు. ఆ సైవే తరువాత ఎఫ్ఏఎల్ రైఫిల్‌ను తీర్చిదిద్దాడు. 1962 యుద్ధంలో ఒక్కో తూటాకూ చేతితో బోల్టు లాగవలసిన త్రీనాట్‌త్రీతో పోరాడిన భారత సైన్యానికి, ఎఫ్ఏఎల్ ఆధారంగా ఇషాపూర్ కర్మాగారం 1ఏ1 ఎస్‌ఎల్‌ఆర్‌ను అందించింది. సైన్యం ఇన్సాస్‌కు మారాక కూడా అది పోలీసు బలగాల వద్ద మిగిలింది. 2010 ఫిబ్రవరి 15న శిల్దా శిబిరంపై మావోయిస్టుల దాడిలో ఈస్టర్న్ ఫ్రంటియర్ రైఫిల్స్ జవాన్లు 24 మంది ప్రాణాలు కోల్పోయారు. శిబిరంలోని ఆయుధాలు దాడి చేసినవారి చేతుల్లోకి వెళ్లాయి.