త్యాగయ్య సన్నిధిలో స్త్రీల గొంతుక

బెంగుళూరు నాగరత్నమ్మగారు 1878లో మైసూరు రాజ్యంలో దేవదాసి ఇంట పుట్టారు. మద్రాసులో గాయనిగా పేరు తెచ్చుకున్నారు. తంజావూరు కవయిత్రి ముద్దుపళని తెలుగులో రాసిన ‘రాధికా సాంత్వనము’ను కందుకూరి వీరేశలింగం పంతులుగారు తప్పుపట్టారు. నాగరత్నమ్మగారు 1910లో దానిని పూర్తిగా అచ్చువేయించారు. ఆడదాని కోరికను ఆడదే చెప్పిన ఆ కావ్యం బూతని ప్రభుత్వం నిషేధించింది. 1947లోగాని నిషేధం తొలగలేదు.

తిరువయ్యారులో పాడుబడిన త్యాగరాజస్వామి సమాధికి ఆమె సొంత ఆస్తి వెచ్చించి గుడి కట్టించారు. అయినా ఆరాధనలో ఆడవారిని పాడనివ్వలేదు. 1927లో తనవంటి గాయనులను కూడగట్టి వేరుగా ఆరాధన జరిపించారు. దేవదాసీల సంఘానికీ నాయకత్వం వహించారు. 1941 నాటికి వర్గాలు ఏకమై, స్త్రీలు అందరితోపాటు పాడారు. 1952లో ఆమె కన్నుమూశారు. ఆమె సమాధి త్యాగయ్య సమాధికి ఎదురుగానే ఉంది.