మూసీతీర శిల్పి విన్సెంట్ ఎష్

హైదరాబాదులో మూసీనదికి ఈవలావల నిలిచిన ఉన్నత న్యాయస్థానమును, ఉస్మానియా ఆసుపత్రిని ఎఱుగని తెలుగువారు అరుదు. వానిని రూపొందించిన ఆంగ్లేయ వాస్తుశిల్పిగా విన్సెంట్ జెరోమ్ ఎష్ చరిత్రలో ప్రసిద్ధుడు. ఆ కీర్తిలో ఆయన పాలెంతయో, ఇతరుల పాలెంతయో విచారింపదగియున్నది.

ఎష్ 1876లో ఇంగ్లండులో జన్మించెను. యౌవనముననే భారతదేశమునకు వచ్చి బెంగాల్ నాగపూర్ రైల్వేలో సహాయక ఇంజనీరుగా చేరెను. రాయపూరు మీదుగా సాగిన పెద్దలైనును, తెలీబంధా మీదుగా ధమ్తరికి పోయిన చిన్నలైనును ఆ కంపెనీవే. కావున ఆయనకు తొలుత కొలువిచ్చిన సంస్థ ఇచటి తెలుగువారికి కొత్తది కాదు. పిదప కలకత్తాలో ఆ రైల్వే ప్రధాన కార్యాలయమునకును, బెంగాల్ క్లబ్బునకును ఆయన రూపకల్పన చేసెను. విలియం ఎమర్సన్ రూపొందించిన విక్టోరియా స్మారక భవనపు నిర్మాణమును పర్యవేక్షించెను. ఒకరి ఊహను వేఱొకరు రాతిలో నిలుపుట ఎట్లో ఆయనకు అచట అనుభవమునకు వచ్చెను.

1908 సెప్టెంబరు 28 నాటి మూసీవరద వేలమందిని పొట్టన బెట్టుకొనెను. నగరమును చక్కదిద్దుటకై 1912లో నగరాభివృద్ధి సంస్థ ఏర్పడెను. ఏడవ నిజాము మీర్ ఉస్మాన్ అలీఖాన్ 1914లో ఎష్‌ను రావించెను. కాచిగూడ రైల్వేస్టేషను, ఉన్నత న్యాయస్థానము, సిటీ హైస్కూలు, ఉస్మానియా ఆసుపత్రి ఆ పిలుపునకు ఫలములు. న్యాయస్థానము, పాఠశాల, ఆసుపత్రి వరద ముంచిన నదిచెంతనే వెలసినవి. వాని గుమ్మటములును, కమానులును ఈ దేశపు కట్టడముల నుండి గ్రహింపబడినవి. లోపలి ఏర్పాటులు నూతన కాలపు అవసరములకు తగినవి.

అయినను ఇది ఏకవ్యక్తి సృష్టి కాదు. న్యాయస్థానమునకు తొలి నమూనా గీసినవాడు జయపురమునకు చెందిన శంకర్ లాల్. దానిని కట్టించిన ఇంజనీరు మెహర్ అలీ ఫాజిల్. వారి పేర్లు చెప్పుటచే ఎష్ కీర్తి తఱుగదు.

ఎష్ 1950లో దివంగతుడయ్యెను. 2020 జులైలో వార్డులలోనికి వాననీరు చొరబడగా ఉస్మానియా పాత భవనమును మూసివేసిరి. 2025 జనవరిలో గోషామహలున కొత్త ఆసుపత్రికి శంకుస్థాపన జరిగెను. రోగుల క్షేమమే ప్రథమము. అందు వివాదము లేదు. కాని రోగులకు వేఱొక నీడ ఏర్పడినంతనే పాత గోడలు నేలగూలవలెనను నియమము లేదు. వరదకు లొంగక తిరిగి లేచిన నగరమునకు అవి సాక్షులు. వానిని బాగుచేసి సముచిత కార్యమునకు వినియోగించుట ఎష్‌తోపాటు పేరెఱుగని పనివారికిని మనము చెల్లింపదగిన ఋణము.