హోవార్డ్ హెడ్: మంచు మీద పదేపదే పడ్డాడు.. స్కీయింగ్‌నే మార్చేశాడు! పేకాట డబ్బుతో మొదలైన కథ

నొవాక్ జకోవిచ్ టెన్నిస్ రాకెట్‌ను టీవీలో దగ్గరగా చూపించినప్పుడు దానిపై హెడ్ అనే పేరు కనిపిస్తుంది. ఇంగ్లిష్‌లో తల అనే అర్థం వస్తుంది కాబట్టి ఏదో స్టైల్‌గా పెట్టిన బ్రాండ్ పేరని చాలామంది అనుకుంటారు. కానీ కాదు. అది ఓ మనిషి ఇంటిపేరు. ఇంకో విశేషం ఏంటంటే.. ఆ కంపెనీ పుట్టింది టెన్నిస్ కోసం కాదు. మంచు కొండల మీద జారే స్కీల కోసం!

ఆ మనిషి పేరు హోవార్డ్ హెడ్. గొప్ప స్కీయర్ అనుకుంటే పొరపాటే. మొదటిసారి స్కీలు కట్టుకున్నప్పుడు నిలబడటమే కష్టమైంది. తప్పు తనదా? కాళ్లకు కట్టుకున్న చెక్కలదా? ఈ ఒక్క ప్రశ్నే ఆయన జీవితాన్ని మలుపు తిప్పింది. ఈరోజు స్కీలు కొనేవాళ్లు, అద్దెకు తీసుకునేవాళ్లు ముందుగా వేసుకోవాల్సిన ప్రశ్న కూడా ఇదే.

ఇంతకీ ఎవరీ హోవార్డ్ హెడ్?

1914 జులై 31న అమెరికాలోని ఫిలడెల్ఫియాలో పుట్టారు. హార్వర్డ్‌లో చదివారు. రచయిత కావాలన్నది ఆయన కోరిక. చివరికి ఇంజినీరింగ్ వైపు మళ్లి 1936లో డిగ్రీ పూర్తి చేశారు. అయినా రాతల మీద మోజు పోలేదు. న్యూస్‌రీల్ సంస్థలో పనికి కుదిరారు కానీ అక్కడ ఎక్కువ రోజులు నిలవలేదు. ఒక ఆప్టిట్యూడ్ టెస్ట్ రాస్తే అసలు సంగతి బయటపడింది. వస్తువుల నిర్మాణాన్ని మనసులోనే ఊహించుకోవడంలో ఆయనకు చాలా ఎక్కువ మార్కులొచ్చాయి.

దాంతో బాల్టిమోర్‌లో విమానాలు తయారు చేసే గ్లెన్ మార్టిన్ కంపెనీలో రివెట్లు కొట్టే పనికి చేరారు. తర్వాత అక్కడే ఇంజినీర్ అయ్యారు. రెండో ప్రపంచ యుద్ధ కాలమది. పల్చటి అల్యూమినియం రేకుల మధ్య తేలికైన పదార్థం పెట్టి, జిగురుతో అతికించి, బలమైన విమాన భాగాలు చేస్తున్న రోజులు. ఆ పనంతా ఆయన చేతులకు అలవాటైంది.

స్టోలో ఏం జరిగిందంటే..

1947లో సరదాగా స్కీయింగ్ నేర్చుకుందామని వెర్మాంట్ రాష్ట్రంలోని స్టో అనే ఊరికి వెళ్లారు హెడ్. మనిషి పొడగరి. అప్పటికే 30 దాటాయి. అప్పట్లో స్కీలంటే హికరీ అనే గట్టి చెక్కతో చేసినవే. సైజు చూసే పద్ధతి కూడా చాలా సింపుల్. చెయ్యి పైకెత్తితే స్కీ కొన అరచేతికి అందాలి. అంతే! పక్కవాడు చాంపియన్ అయినా, మీరు నిన్ననే మొదలుపెట్టినా లెక్క ఒక్కటే. అంటే నిలబడటం రానివాళ్లు కూడా రెండు మీటర్ల పైచిలుకు పొడవున్న బరువైన చెక్కలను తిప్పాల్సిందే.

హెడ్ పడ్డారు. లేచారు. మళ్లీ పడ్డారు. ఎవరైనా తనకు చేతకావడం లేదని ఊరుకుంటారు. ఆయన మాత్రం చెక్కను తప్పుబట్టారు. విమానాలు చెక్కను వదిలేసి లోహానికి మారినప్పుడు స్కీలు ఎందుకు మారకూడదు? తిరుగు ప్రయాణంలో రైల్లోనే ఆ ఆలోచన మొదలైంది.

ఆరు జతలు.. ఆరూ విరిగాయి!

కొన్ని నెలల్లోనే 6 జతలు తయారు చేశారు. పైనా కిందా అల్యూమినియం, మధ్యలో తేనెపట్టు లాంటి ప్లాస్టిక్ పొర. బరువు చెక్క స్కీలలో దాదాపు సగమే. 1947 చివర్లో వాటిని స్టోకు తీసుకెళ్లి అక్కడి స్కీ శిక్షకుల చేతికిచ్చారు. వాళ్లు వంచి చూశారు.. ఠక్కున విరిగింది. ఇంకోటి.. అదీ విరిగింది. చివరికి ఆరు జతలూ ముక్కలే.

అవి విరగకపోయి ఉంటే బహుశా అక్కడితో ఆపేసేవారేమో. విరిగాయి కాబట్టే పట్టుదల పెరిగింది. 1948 జనవరిలో ఉద్యోగం వదిలేశారు. పెట్టుబడి ఎక్కడిదంటారా? పోకర్ ఆటలో గెలిచి దాచుకున్న 6 వేల డాలర్లు. ఆ డబ్బుతోనే బాల్టిమోర్‌లో ఓ చిన్న వర్క్‌షాప్ పెట్టారు. స్కీ పొరలను రబ్బరు సంచిలో పెట్టి, గాలి లాగేసి, కాగే నూనెలో ముంచి జిగురు గట్టిపడేలా చేసేవారు.

మూడు శీతాకాలాలు ఇదే పని. కొత్త జత చేయడం, కొండల మీద శిక్షకులకు పంపడం, విరిగిన ముక్కలు తిరిగి రావడం, ఎక్కడ విరిగిందో చూసి మళ్లీ చేయడం. ఒక్కో సమస్యకు ఒక్కో మార్పు. తేనెపట్టు పొర బలం చాలలేదు. దాని స్థానంలో ప్లైవుడ్ వచ్చింది. అల్యూమినియం అంచులు గట్టి మంచును కొరకలేకపోయాయి. స్టీలు అంచులు వచ్చాయి. అడుగున లోహానికి మంచు అతుక్కుపోయేది. ప్లాస్టిక్ అడుగు వచ్చింది. ఇలా 40 రకాలకు పైగా చేశారు. తమాషా ఏంటంటే చివరికి తయారైన స్కీ బరువు చెక్క స్కీకి దాదాపు సమానమే. బరువు తగ్గించాలని మొదలుపెట్టిన మనిషి.. అసలు విషయం బరువు కాదని తెలుసుకున్నారు.

ఆ రోజు కొండ మీద..

1950లో న్యూహాంప్‌షైర్ రాష్ట్రంలోని మౌంట్ వాషింగ్టన్. అక్కడి టకర్‌మన్ రవీన్ అంటే నిటారుగా దిగే లోయ. క్లిఫ్ టేలర్ అనే స్కీయర్ కొత్త స్కీలు కట్టుకుని దిగుతుంటే హెడ్ కింద నిలబడి చూశారు. స్కీ విరగలేదు. పైగా అలవోకగా మలుపులు తిరుగుతోంది. మూడేళ్ల కష్టం ఫలించింది. హెడ్ స్టాండర్డ్ పేరుతో ఆ నల్లటి స్కీ మార్కెట్లోకి వచ్చింది. ధర 85 డాలర్లు. చెక్క స్కీలతో పోలిస్తే చాలా ఎక్కువ. మొదటి సీజన్‌లో అమ్ముడుపోయినవి కొన్ని వందల జతలే.

అంత తేలికగా ఎలా తిరిగింది?

స్కీకి రెండు గుణాలు కావాలి. నిలువునా వంగాలి. కానీ తువ్వాలును పిండినట్టు మెలి తిరగకూడదు. వంగితే మలుపు తేలికవుతుంది. మెలి తిరగకపోతే ముందూ వెనకా అంచులు మంచును పట్టుకుని ఉంటాయి. చెక్కతో ఈ రెండూ కలిపి సాధించడం కష్టం. మెత్తగా చేస్తే మెలి తిరుగుతుంది, గట్టిగా చేస్తే వంగదు. పైగా తడికి ఆకారం మారిపోతుంది. లోహపు పొరలతో హెడ్ ఈ రెండూ సాధించారు.

ఫలితం ఊహించనిది. ఏళ్ల తరబడి తంటాలు పడుతున్న మామూలు జనం ఒక్కసారిగా మలుపులు తిరగడం మొదలుపెట్టారు. దాంతో ఆ స్కీలకు చీటర్స్ అనే పేరు పడింది. అంటే మోసం చేసేవి అని! కష్టపడి నేర్చుకోవాల్సింది డబ్బు పెట్టి కొనేసుకుంటున్నారన్న ఎగతాళి అది. కానీ ఆ ఎగతాళే ప్రచారంగా మారింది. 1960ల మధ్యకు వచ్చేసరికి అమెరికా మార్కెట్లో సగం దాకా హెడ్ కంపెనీదే.

అందరికీ ఒకే స్కీ సరిపోలేదు

ఇక్కడే కథలో ట్విస్ట్. మామూలు జనం మెచ్చిన అదే స్కీని రేసర్లు మెచ్చలేదు. గట్టి మంచు మీద వేగంగా వెళ్తుంటే లోహం గడగడా వణికేది, అంచు పట్టు తప్పేది. హెడ్ వాళ్లతో వాదించలేదు. పొరల మధ్య రబ్బరు లాంటి నియోప్రిన్ పెట్టి వణుకు తగ్గించారు. అలా రేసర్ల కోసం కాంపిటీషన్ అనే మోడల్ విడిగా వచ్చింది. నేర్చుకునేవాళ్లకు ఒకటి, ఆరితేరినవాళ్లకు ఇంకొకటి.

పొడవు విషయంలోనూ ఇదే జరిగింది. టకర్‌మన్ రవీన్‌లో తొలి స్కీలను దింపిన క్లిఫ్ టేలర్ తర్వాత పొట్టి స్కీలతో నేర్పడం మొదలుపెట్టారు. మీటరు కంటే తక్కువ స్కీలతో మొదలుపెట్టి, మలుపు వచ్చాక కాస్త పొడవు, ఇంకాస్త పొడవు. 1960ల మధ్యలో వెర్మాంట్‌లోని కిల్లింగ్టన్ స్కీ స్కూల్ ఈ పద్ధతిని అందుకుంది. అక్కడ వాడిన పొట్టి స్కీలు హెడ్ కంపెనీవే. చెయ్యెత్తి కొలిచే పాత లెక్కకు అలా కాలం చెల్లుతూ వచ్చింది.

పట్టుదలే దెబ్బతీసింది

లోహంతో గెలిచిన హెడ్ లోహాన్నే నమ్ముకున్నారు. ఇంతలో యూరప్ నుంచి ఫైబర్‌గ్లాస్ స్కీలు దూసుకొచ్చాయి. చెక్కను నమ్ముకున్నవాళ్లను ఒకప్పుడు ఓడించిన మనిషి ఈసారి తానే వెనకబడ్డారు. 1969లో కంపెనీని ఏఎంఎఫ్ సంస్థకు సుమారు 1.6 కోట్ల డాలర్లకు అమ్మేశారు.

కట్ చేస్తే.. టెన్నిస్ కోర్టు. ఖాళీ దొరికిందని టెన్నిస్ మొదలుపెట్టారు. ఇక్కడా అదే వరస. ఆట రావడం లేదు. ప్రాక్టీస్ కోసం ప్రిన్స్ అనే చిన్న కంపెనీ నుంచి బంతులు విసిరే మెషీన్ కొని, దాన్ని బాగుచేస్తూ చివరికి ఆ కంపెనీకే చైర్మన్ అయ్యారు. బంతి పక్కకు తగిలితే రాకెట్ చేతిలో తిరిగిపోతోందని గమనించి, రాకెట్ ముఖాన్ని వెడల్పు చేశారు. 1976లో పేటెంట్ వచ్చింది. మొదట్లో అంతా నవ్వారు. కానీ 1978లో 16 ఏళ్ల పామ్ ష్రైవర్ ఆ పెద్ద రాకెట్‌తోనే యూఎస్ ఓపెన్ ఫైనల్‌కు చేరింది. నవ్వులు ఆగిపోయాయి. 1982లో ప్రిన్స్ కంపెనీ 6.2 కోట్ల డాలర్లకు అమ్ముడుపోయింది.

ఆటలు రాని ఈ మనిషి రెండు ఆటలను మార్చేసి, 1991 మార్చి 3న బాల్టిమోర్‌లో కన్నుమూశారు. గుండె ఆపరేషన్ తర్వాత కోలుకోలేకపోయారు. వయసు 76.

ఇప్పుడు స్కీలు ఎంచుకునేవాళ్లకు ఈ కథ ఏం చెబుతోంది?

గుల్మార్గ్‌కో, ఔలీకో వెళ్లి తొలిసారి స్కీలు అద్దెకు తీసుకునేవాళ్లకైనా, అమెరికాలో కొత్త జత కొనుక్కునే మనవాళ్లకైనా సూత్రం ఒకటే. స్కీ ఎంత ఖరీదు అన్నది కాదు, దాని మీద నిలబడేది ఎవరన్నదే ముఖ్యం. కొండంతా తిరగడానికి పనికొచ్చే ఆల్ మౌంటెన్ స్కీలు ఎంచుకునేటప్పుడు ఈ నాలుగూ చూసుకోవాలి.

పొడవు: కొత్తవాళ్లకు స్కీ కొన గడ్డానికీ ముక్కుకూ మధ్య ఉంటే చాలు. మలుపులు బాగా వచ్చినవాళ్లకు ముక్కు నుంచి నుదుటి దాకా. ఆరితేరినవాళ్లకు తల ఎత్తు, ఆపైన. బరువు ఎక్కువైతే కాస్త పొడవు, తక్కువైతే కాస్త పొట్టి.

నడుము వెడల్పు: స్కీ మీద 131-88-116 లాంటి మూడు అంకెలుంటాయి. అవి మిల్లీమీటర్లలో ముందు భాగం, నడుము, వెనక భాగం వెడల్పులు. మధ్య అంకె కీలకం. చదును చేసిన దారుల్లోనే తిరిగేవాళ్లకు 85 లోపు హాయి. మెత్తటి మంచులోకీ వెళ్లేవాళ్లకు 90 నుంచి 100. వెడల్పు పెరిగేకొద్దీ మెత్తటి మంచులో తేలుతుంది, కానీ గట్టి మంచు మీద ఒక అంచు నుంచి ఇంకో అంచుకు మారడం నెమ్మదిస్తుంది.

గట్టిదనం: కొత్తవాళ్లకు మెత్తగా వంగేది కావాలి. ఇక్కడో విచిత్రం ఉంది. ఒకప్పుడు మామూలు జనానికి వరమైన లోహపు పొర ఇప్పుడు ఎక్కువగా కనిపించేది నిపుణుల స్కీలలోనే. వేగంలో నిలకడ ఇస్తుంది కానీ వంచడానికి బలం, నేర్పు కావాలి. కొత్తవాళ్లు లోహం ఉంది కదా అని కొంటే 1947 నాటి హెడ్ కష్టాలే!

నిజం చెప్పడం: అద్దె షాపుల్లో బరువు, ఎత్తు, వయసుతో పాటు మీరు ఏ స్థాయి స్కీయర్ అని అడుగుతారు. నెమ్మదిగా వెళ్లేవాళ్లకు ఒకటో రకం, మధ్యస్తంగా ఉంటే రెండు, దూకుడుగా వెళ్తే మూడు. పడినప్పుడు బూటును వదిలేసే బైండింగ్‌ను దీన్ని బట్టే బిగిస్తారు. గొప్పకు పోయి మూడు అని రాస్తే.. పడినప్పుడు స్కీ ఊడకపోవచ్చు. కాలు ఎముకకో, మోకాలికో ముప్పు తప్పదు.

హోవార్డ్ హెడ్‌కు స్కీయింగ్ రాదని చెప్పుకోవడానికి సిగ్గు అడ్డురాలేదు. అక్కడి నుంచే ఆయన స్కీ పుట్టింది. అద్దె షాపు ఫారం నింపేటప్పుడు మనకూ అంతే నిజాయితీ ఉంటే చాలు.. సగం పని అయిపోయినట్టే.