చంద్రపర్వతమును చూపిన బడిపంతులు

జమ్‌షెడ్‌పూర్ ఉక్కు కర్మాగారములో పనికై వెళ్లి, తరతరములుగా అక్కడనే స్థిరపడిన తెలుగు కుటుంబములు అనేకములు కలవు. వారు టాటానగర్ స్టేషనులో ఖరగ్‌పూర్ వైపు పోవు రైలెక్కినయెడల కొద్దిసేపటిలోనే ఘాట్‌శిలా అను చిన్న ఊరు చేరుదురు. సువర్ణరేఖా నదియు, సాలవృక్షముల అడవులును, కొండలును చూచి సాయంకాలమునకు మరలి వత్తురు. ఆ ఊరిలోనే గౌరీకుంజమను ఒక సామాన్యమైన ఇల్లు కలదు. బెంగాలీ బాలురను ఇల్లు కదలనీయకయే ఆఫ్రికా ఖండమునకు తోడుకొనిపోయిన విభూతిభూషణ బంద్యోపాధ్యాయ నివసించినదియు, కన్నుమూసినదియు ఆ ఊరిలోనే.

ఆయన 1894 సెప్టెంబరు 12న బెంగాలులోని మురాతిపూర్ గ్రామమున, మేనమామల ఇంట జన్మించెను. తండ్రి మహానంద సంస్కృత పండితుడు. మన హరిదాసులవలె ఊరూర తిరిగి పురాణకథలు చెప్పి పొట్టపోసికొనువాడు. ఆ ఇంట విద్యకు కొదువ లేదు గాని బియ్యమునకు కొదువ తప్పలేదు. అయిదుగురు బిడ్డలలో విభూతిభూషణుడే పెద్దవాడు. బడిచదువు ముగియకమునుపే తండ్రి మరణించెను. అయినను ఆయన పట్టు విడువక కలకత్తా రిపన్ కళాశాలలో చదివి, 1918లో బి.ఏ. పట్టము పొందెను. పెండ్లియైన యేడాదికే భార్య గౌరి మరణించెను. ఘాట్‌శిలాలోని ఇంటికి ఉన్నది ఆమె పేరే. ఇరువది యేండ్లకు పైగా ఆయన మరల వివాహమాడలేదు.

ఆ తరువాత ఆయన చేయని చిన్న ఉద్యోగము లేదు. పల్లెటూరి బడులలో పంతులయ్యెను. గోసంరక్షణ సభవారి ప్రచారకుడై ఊళ్లు తిరిగెను. ఒక ధనిక కుటుంబమువారి గృహోపాధ్యాయుడుగా నుండి, పిమ్మట వారి భాగల్పూర్ జమీందారీ వ్యవహారములు చూచుటకు పంపబడెను. అక్కడ ఆయన పని అడవిభూములను రైతులకు పట్టాలిచ్చుట. పగలు గుఱ్ఱమెక్కి ఆ అడవులలో తిరుగుచు, రాత్రులు దీపపు వెలుతురులో వ్రాసికొనుచుండెను. తాను ప్రేమించిన అడవి తన చేతిమీదుగానే నరకబడుచుండుట ఆయనను చాలకాలము బాధించెను. ఆ బాధనుండి పుట్టిన ఆరణ్యక్ అను నవల 1939లో వెలువడెను. వనవాసి అను పేర తెలుగులోనికిని వచ్చెను. లోకమునకు ఆయనను తెలియజేసిన పథేర్ పాంచాలీ సహితము భాగల్పూరులోనే వ్రాయబడి, 1929లో గ్రంథముగా అచ్చయ్యెను.

పెద్దలు ఆయనను ఈ రెండు నవలలచేత ఎరుగుదురు. పిల్లలెరిగినది వేరొక పుస్తకము. 1937లో వెలువడిన దాని పేరు చాందేర్ పాహాడ్, అనగా చంద్రపర్వతము. మౌచాక్ అను బాలల మాసపత్రికలో అది మొదట ధారావాహికగా వచ్చెను. ఆ పత్రికలోనే అంతకుముందు హేమేంద్రకుమార్ రాయ్ అంగారక గ్రహవాసులు భూమికి వచ్చిన కథ వ్రాసి బాలురను అబ్బురపరచియుండెను. విభూతిభూషణుడు యంత్రముల జోలికి గాని గ్రహముల జోలికి గాని పోలేదు. ఈ భూమిమీదనే మనిషి అడుగుపెట్టని చోటును, శాస్త్రజ్ఞుల పుస్తకములకెక్కని మృగమును కల్పించెను.

కథ 1909లో మొదలగును. శంకరుడను పల్లెటూరి యువకుడు చదువు ముగించి ఇల్లు చేరును. తండ్రి జబ్బుపడెను, ఇల్లు గడువవలెను, జనపనార మిల్లులో గుమాస్తా పని సిద్ధముగా నున్నది. లివింగ్‌స్టన్, స్టాన్లీ వంటివారు నడచిన దారులలో తానును నడువవలెనని కలలు గనిన వానికి ఆ మిల్లు చెరసాలవలె తోచును. బెంగాలీ మధ్యతరగతి బాలుడెవడైనను ఈ పుటలలో తన ముఖమును తానే చూచికొనియుండును. ఇంతలో ఊరివాడొకడు తూర్పు ఆఫ్రికాలో రైలుమార్గపు పనిలోనున్నాడని తెలిసి, శంకరుడు అతని సహాయముతో ఓడ ఎక్కును. లివింగ్‌స్టన్ దొరగారి జీవితకథ వినియున్న మన పిల్లలకును ఈ ప్రయాణము క్రొత్తగా తోచదు.

సింహముల భయము, విషసర్పముతో గడిపిన రాత్రి, దాహముతో పడిపోయిన అల్వారెజ్ అను పోర్చుగీసు వృద్ధునికి చేసిన పరిచర్య, వజ్రములగని వెదకుచు వారిద్దరు కొండలెక్కుట, అగ్నిపర్వతము బ్రద్దలగుట, ఇవన్నియు ఒకదాని వెంట ఒకటి వచ్చును. బునిప్ అను మృగము అల్వారెజును చంపును. దానివి మూడు వ్రేళ్ల అడుగుజాడలే తప్ప రూపము సరిగా కనబడదు. 2013లో వచ్చిన చలనచిత్రములో దానిని కంప్యూటరు బొమ్మగా తెరపై నిలిపిరి. చీకటిలో విడిచిన పుస్తకమే ఎక్కువ భయము పుట్టించును. ఒంటరివాడైన శంకరుడు ఒక గుహలో దారి తప్పి, తిరిగి గుర్తుపట్టుటకై గులకరాళ్లను దారిపొడుగున పెట్టుకొనుచు బయటపడును. అవి పచ్చి వజ్రములని అతనికి తెలియువేళకు జేబులో మిగిలినవి కొన్ని మాత్రమే. తాను వెదకినగని అదేయని తెలియక దాటివచ్చిన శంకరుని స్థితి చదువరిని చాలసేపు విడువదు.

విభూతిభూషణుడు ఆఫ్రికాలో ఎన్నడును అడుగుపెట్టలేదు. హ్యారీ జాన్‌స్టన్, రోసిటా ఫోర్బ్స్ మొదలైన యాత్రికుల గ్రంథములను చదివి వ్రాసితినని ఆయన దాచకుండ ముందుమాటలో తెలిపెను. అందుచేత పొరపాట్లును దొరలినవి. కథలోని రిక్టర్స్‌వెల్డ్ పర్వతములు దట్టమైన అడవి. నిజమైన రిక్టర్స్‌వెల్డ్ దక్షిణాఫ్రికాలో వానలు కరవైన రాతినేల. బునిప్ అను పేరు ఆస్ట్రేలియా ఆదివాసుల కథలకు చెందినది. పటము ముందు పెట్టుకొని చదువు ఉపాధ్యాయుడు వీటిని దిద్దవచ్చును. అయితే ఆ అడవిరాత్రియొక్క నిశ్శబ్దమును, ఒంటరివాని గుండెలోని బెదురును ఆయన ఏ గ్రంథమునుండియు తీసికొనలేదు. అవి భాగల్పూర్ అడవులలో స్వయముగా అనుభవించినవి.

పిల్లలకై ఆయన మరికొన్ని సాహసగాథలు వ్రాసెను. మరణేర్ డంకా బాజేలో బెంగాలీ యువకులు చైనా యుద్ధరంగమునకు పోదురు. హీరా మానిక్ జ్వలేలో నిధికై సముద్రము దాటుదురు. అవి చంద్రపర్వతమంత ఎత్తునకు చేరలేదు.

1940లో ఆయన రమాదేవిని వివాహమాడెను. అప్పటికే పేరుగల రచయితయైనను బడిపంతులు పని మానలేదు. చివరివరకు గోపాలనగర్ పాఠశాలలో చదువు చెప్పుచుండెను. సెలవులలో ఘాట్‌శిలా చేరి, సింహభూమి జిల్లా కొండలలోను, సారండా అడవులలోను మైళ్లకొలది నడచుచుండెను. ఆ నడకల దినచర్య 1948లో హే అరణ్య కథా కవో అను పేర అచ్చయ్యెను. 1950 నవంబరు 1న గుండెజబ్బుతో ఘాట్‌శిలాలో ఆయన మరణించెను. వయస్సు 56 సంవత్సరములు. ఇచ్ఛామతి నవలకు రవీంద్ర పురస్కారము మరుసటి యేడు వచ్చెను. అందుకొనుటకు ఆయన లేడు.

పథేర్ పాంచాలీని పిల్లలకై కుదించిన ప్రతికి బొమ్మలు వేసిన యువకుడు సత్యజిత్ రాయ్. ఆ బొమ్మలు వేయుచుండగనే దానిని చలనచిత్రముగా తీయు తలంపు అతనికి కలిగెను. 1955లో అది నెరవేరెను. 1961 నుండి అతడు బాలురకై ప్రొఫెసర్ శంకు అను శాస్త్రజ్ఞుని కథలు వ్రాయసాగెను. ఆ శాస్త్రజ్ఞునికి అతడు కల్పించిన నివాసము గిరిడీ. అదియు నేటి జార్ఖండ్ రాష్ట్రములోనిదే.

విభూతిభూషణుడు మరణించునాటికి కుమారుడు తారాదాసునకు మూడేండ్లు. అపరాజితో నవల చివర అపు తన కుమారుడైన కాజల్‌ను పల్లెలో విడిచి దూరదేశములకు వెడలిపోవును. తారాదాసు పెరిగి పెద్దవాడై రచయితయయ్యెను. తండ్రి అక్కడ విడిచిన ఆ బాలుని కథను చేపట్టి, కాజల్ అను పేరనే నవల వ్రాసెను.