రైతు మిగులే దేశాభివృద్ధికి మూలమని నమ్మిన ఆచార్య రంగా

తెనాలి, బాపట్ల, రేపల్లె: సాగునీటికి కొదవలేని కృష్ణా పశ్చిమ డెల్టాలోనూ రైతు అప్పుల పాలు కావడానికి కారణమేమిటన్న ప్రశ్న ఆచార్య ఎన్‌.జి.రంగాను జీవితాంతం వెంటాడింది. దేశం ఏ దారిన ఎదగాలన్న అంశంపై ఆయన ఢిల్లీ పెద్దలతో విభేదించడానికీ ఈ ప్రశ్నే మూలమైంది.

గోగినేని రంగనాయకులు 1900 నవంబరు 7న పొన్నూరు వద్ద నిడుబ్రోలులో రైతు కుటుంబంలో జన్మించారు. తల్లిదండ్రులు అచ్చమాంబ, నాగయ్య. గుంటూరులో చదువుకుని ఇంగ్లండు వెళ్లి, ఆక్స్‌ఫర్డ్‌లో అర్థశాస్త్రంలో బి.లిట్‌. పట్టా పొందారు. తిరిగివచ్చి మద్రాసు పచ్చయప్ప కళాశాలలో ఆచార్యులుగా పనిచేశారు. పల్లెల ఆర్థిక వ్యవస్థపై పరిశోధన సాగించి గ్రంథాలు రచించారు.

పంట పెరిగినా దక్కని ఫలం

1855లో బెజవాడ ఆనకట్ట పూర్తికావడంతో డెల్టాకు కాలువ నీరు చేరింది, పంటలు పెరిగాయి. అయితే ఆ మిగులులో అధిక భాగం శిస్తుగా, వడ్డీగా ఊరు దాటిపోయేది. 1929లో మొదలైన ఆర్థిక మాంద్యంలో పంటల ధరలు పతనమయ్యాయి. శిస్తును నగదు రూపంలో చెల్లించాల్సి ఉండటంతో, అదే మొత్తానికి రైతు మరింత ధాన్యం అమ్ముకోవలసి వచ్చింది. నీరు, శ్రమ ఎంత ఉన్నా ధర, పరపతి లేకుంటే ఎదుగుదల ఆగిపోతుందన్న సత్యం ఈ ప్రాంతంలోనే రుజువైంది.

రంగా 1930లో స్వాతంత్య్రోద్యమంలో ప్రవేశించారు. శిస్తు భారానికి వ్యతిరేకంగా రైతులను కూడగట్టారు. రైతు కార్యకర్తల శిక్షణ కోసం నిడుబ్రోలులో విద్యాలయం నెలకొల్పారు. 1936లో లక్నోలో ఏర్పడిన అఖిల భారత కిసాన్‌ సభ స్థాపకులలో ఆయన ఒకరు.

తెనాలి నుంచి ఢిల్లీకి

1957లో తెనాలి నుంచి లోక్‌సభకు ఎన్నికయ్యారు. భారీ పరిశ్రమలకు పెద్దపీట వేసిన రెండో పంచవర్ష ప్రణాళిక అప్పుడు అమలులో ఉంది. 1959 జనవరిలో నాగపూర్‌లో కాంగ్రెస్‌ ఉమ్మడి సహకార వ్యవసాయాన్ని ఆమోదించింది. రంగా దీనిని తీవ్రంగా ప్రతిఘటించారు. పరపతికి, అమ్మకాలకు సహకార సంఘాలు అవసరమే అయినా, భూమి రైతు కుటుంబం చేతిలో ఉంటేనే పెట్టుబడి పెట్టే ఉత్సాహం నిలుస్తుందన్నది ఆయన వాదం. కాంగ్రెస్‌ను వీడి, రాజాజీతో కలిసి అదే ఏడాది స్వతంత్ర పార్టీని స్థాపించి అధ్యక్షులయ్యారు.

అయితే 1962 ఎన్నికల్లో తెనాలి ఓటర్లు ఆయనను ఓడించి కమ్యూనిస్టు అభ్యర్థిని గెలిపించారు. సొంత భూమి ఉన్న రైతు గురించి మాట్లాడినంతగా కౌలుదారు, కూలీ గురించి ఆయన పట్టించుకోలేదన్నది వామపక్షాల విమర్శ. అనంతరం చిత్తూరు ఉప ఎన్నికలో గెలిచి ఆయన లోక్‌సభకు తిరిగివచ్చారు.

ఉమ్మడి సాగు దేశంలో వేళ్లూనలేదు. 1965లో వ్యవసాయ ధరల కమిషన్‌, భారత ఆహార సంస్థ ఏర్పడటంతో ధర విషయమూ విధానాల్లో చోటు చేసుకుంది. తర్వాత కాంగ్రెస్‌లోకి తిరిగివచ్చిన రంగా 1980, 1984, 1989లలో గుంటూరు నుంచి ఎన్నికయ్యారు. 1991లో పద్మవిభూషణ్‌ అందుకున్నారు. 1995 జూన్‌ 9న కన్నుమూశారు.

బాపట్ల వ్యవసాయ కళాశాల ఉన్న విశ్వవిద్యాలయం నేడు ఆయన పేరుతోనే కొనసాగుతోంది. ఆయన ప్రాతినిధ్యం వహించిన తెనాలి లోక్‌సభ స్థానం మాత్రం 2008 పునర్విభజనలో రద్దయింది. భూమి దున్నేవాని సొంతమైతే పెట్టుబడి దానంతట అదే వస్తుందని రంగా నమ్మారు. డెల్టాలో నేడు సాగుదారుల్లో అనేకులు కౌలు రైతులే. భూమి పత్రం లేక వీరిలో పలువురికి బ్యాంకు రుణం అందడం లేదు. రంగా లేవనెత్తిన పరపతి, మిగులు ప్రశ్నలకు వీరి విషయంలో ఇంకా సమాధానం దొరకవలసి ఉంది.