డిటెక్టివ్ యుగంధర్ సృష్టికర్త – కొమ్మూరి సాంబశివరావు

మూసి ఉన్న తలుపు వెనుక ఏమి జరిగిందో తెలుసుకోవాలనే కుతూహలం మానవునికి సహజమైనది. ఆ కుతూహలాన్ని కథగా మలచి, పాఠకుణ్ణి చివరి పుట వరకు ఉత్కంఠతో నడిపించేది అపరాధ పరిశోధక నవల. ఈ ప్రక్రియకు తెలుగునాట వేలాది పాఠకులను సంపాదించిపెట్టిన రచయితలలో అగ్రగణ్యుడు కొమ్మూరి సాంబశివరావు.

సాంబశివరావు 1926 అక్టోబరు 27న జన్మించారు. ఆయన స్వస్థలం గుంటూరు జిల్లా తెనాలి. తల్లి పద్మావతీదేవి రచయిత్రి, నటి. కుటుంబ స్త్రీలు రంగస్థలం ఎక్కడానికి వెనుకాడుతున్న కాలంలో ఆమె బళ్ళారి రాఘవతో కలిసి నటించారు. సుప్రసిద్ధ రచయిత చలం జన్మతః కొమ్మూరి వంశీయులే. దత్తత వలన గుడిపాటి వారయ్యారు. సాంబశివరావు సోదరి ఉషారాణి భాటియా కూడా సాహిత్యరంగంలో పేరు గడించారు. ఇటువంటి సాహితీ కుటుంబంలో జన్మించిన సాంబశివరావు, పండితుల మెప్పు సులభంగా దొరకని మార్గాన్ని ఎంచుకొన్నారు.

అపరాధ పరిశోధక సాహిత్యం ఇంగ్లండులో ఆనాటికే బాగా వేళ్ళూనుకొన్నది. 1887లో కానన్ డాయిల్ షెర్లాక్ హోమ్స్‌ను పాఠకులకు పరిచయం చేశారు. ఎడ్గార్ వాలెస్ వేగంగా సాగే కథనంతో నూటికి పైగా నవలలు రచించారు. 1920లో అగాథా క్రిస్టీ తొలి నవల వెలువడింది. 1935లో పెంగ్విన్ సంస్థ ఆరు పెన్నీలకే పుస్తకాలను అందించడంతో ఈ నవలలు సామాన్యులకు మరింత చేరువయ్యాయి. తెలుగులో అంతకు పూర్వమే, బెంగాలీ రచయిత పాంచ్‌కడీ దే నవలల అనువాదాలు పాఠకులను ఆకట్టుకొన్నాయి. అయితే అనువాదాలలోని మనుషులు, ఊళ్ళు పరాయివి. తెలుగు పాఠకునికి తనదని చెప్పుకోదగిన డిటెక్టివ్ కావలసి వచ్చాడు.

ఆ లోటును తీర్చినవాడు యుగంధర్. 1950వ దశకంలో 'ఉరితాడు' వంటి నవలలతో రంగప్రవేశం చేసిన సాంబశివరావు, యుగంధర్‌ను, అతని సహాయకుడు రాజును తెలుగువారి ఇళ్ళలో పరిచితులను చేశారు. యుగంధర్ కార్యరంగం మద్రాసు నగరం. 1953లో ఆంధ్రరాష్ట్రం ఏర్పడిన తరువాత కూడా తెలుగు సినిమాలకు, పత్రికలకు మద్రాసే ప్రధాన కేంద్రంగా ఉండేది. కనుక ఆ నగర వీధులు తెలుగు పాఠకునికి కొత్తవి కావు.

యుగంధర్‌కు మంత్రతంత్రాలు తెలియవు. చిన్న ఆధారాన్ని గమనించడం, అనుమానితుల మాటలను పోల్చి చూడడం, తర్కంతో నిజాన్ని నిర్ధారించడం అతని పద్ధతి. అందరూ వేలెత్తి చూపినవాడు నేరస్థుడు కాకపోవచ్చునని, మర్యాదస్తునిగా కనిపించేవాడు నిర్దోషి కానవసరం లేదని ఈ కథలు నిరూపిస్తాయి. సాక్ష్యం లేనిదే ఎవరినీ దోషిగా తలపరాదన్న నీతి వాటిలో అంతర్లీనంగా ఉంది. చిన్న వాక్యాలు, చురుకైన సంభాషణలు, ప్రకరణం చివర పాఠకుణ్ణి నిలవనీయని ఉత్కంఠ సాంబశివరావు శైలికి ప్రాణం. 'చావుకేక' వంటి నవలల పేర్లు వినగానే పాఠకులలో భయమూ ఆసక్తీ కలిగేవి. ఆయనను పాఠకలోకం ఆంధ్రా ఎడ్గార్ వాలెస్‌గా కీర్తించింది.

ఆ నవలలు చిన్న పరిమాణంలో, తక్కువ వెలకు లభించేవి. రైల్వే స్టేషన్లలోని పుస్తకాల దుకాణాలలోను, వీధి మలుపులలోని అద్దె పుస్తకాల షాపులలోను వాటికి గిరాకీ మెండు. పాఠ్యపుస్తకాల మాటున దాచుకొని వాటిని చదివిన విద్యార్థులకు లెక్కలేదు. పెద్దలు అవి చదివితే పిల్లలు చెడిపోతారని మందలించేవారు. విమర్శకులు వాటిని కాలక్షేపపు రచనలుగా భావించి సాహిత్య చరిత్రలో తగిన చోటు ఇవ్వలేదు. ఈ అభిప్రాయంలో కొంత నిజం లేకపోలేదు. మనస్తత్వ చిత్రణలో గాని, సమాజ విశ్లేషణలో గాని ఈ నవలలు గొప్ప సాంఘిక నవలలతో తూగవు. కాని, పుస్తకం పట్టుకోవడమే అలవాటు లేనివారి చేత పుస్తకం చదివించడం సామాన్యమైన పని కాదు. యుగంధర్ కోసం అద్దె షాపు మెట్లెక్కిన పాఠకుడు, అదే అరలో ఉన్న ఇతర రచయితలనూ చదవడానికి అక్కడ అవకాశం కలిగింది.

సాంబశివరావు 1994 మే 17న పరమపదించారు. తరువాతి కాలంలో టెలివిజన్ ఇంటింటికీ విస్తరించడంతో అద్దె పుస్తకాల షాపులు క్రమంగా మూతపడ్డాయి. అయినా ఆయన నవలలు కొన్ని పునర్ముద్రణ పొంది కొత్త పాఠకులను చేరాయి. ఒక భాషలో సాహిత్యం వర్ధిల్లాలంటే ఆ భాషను ఇష్టంగా చదివే పాఠకులు కావాలి. అటువంటి పాఠకులను తయారుచేసిన రచయితగా కొమ్మూరి సాంబశివరావు చిరస్మరణీయులు.